స్తంభం పక్క కుర్చీ

నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం నేను ఒక ఖాళీ కుర్చీకి ప్రసంగం వినిపిస్తున్నాను. వినిపిస్తున్నాను అనడం కూడా తప్పే. పాస్టరుగారు వేదిక మీద నోటితో చెప్పేదాన్ని, నేను ఎడమవైపు స్తంభం పక్కన నిలబడి చేతులతో చెబుతాను, సైగల భాషలో. నా ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అందులో ఎవరూ ఉండరు.

నాకు పిచ్చి లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా సంఘంలో సగంమంది ఆ అనుమానంతోనే నన్ను పలకరిస్తారు. మిగతా సగం జాలితో పలకరిస్తారు. నన్నడిగితే అనుమానమే నయం, రెండు ముక్కలు మాట్లాడి వదిలేస్తారు. జాలిపడేవాళ్ళు చెయ్యి పట్టుకుని వదలరు.

ఆ కుర్చీ మా చెల్లిది. అది నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. పుట్టుకతోనే వినికిడి లేదు. బడిలో నేర్చుకున్న సైగలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి నాకు నేర్పేది. నేను తప్పు చేస్తే చేతి మీద ఒక్కటి వేసేది. అమ్మకు ఆ భాష సరిగ్గా పట్టుబడలేదు, నాన్నకు నేర్చుకునేంత ఆయుష్షు లేదు. అందుకని ఇంట్లో దాని మాట నేనే, బయట దాని చెవి నేనే.

చర్చిలో అది చిన్నప్పటినుంచీ బొమ్మలా కూర్చునేది. అందరూ లేస్తే లేచేది, అందరూ కళ్ళు మూసుకుంటే మూసుకునేది. ఒకసారి ఇంటికొచ్చి, ఆయన ఇంతసేపు ఏం చెప్తాడు అని అడిగింది. ఇదీ చెప్పాడని నేను అరనిమిషంలో తేల్చేశాను. అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ మరుసటి ఆదివారమే అప్పటి పెద్ద పాస్టరుగారి అనుమతి తీసుకుని స్తంభం పక్కన నిలబడ్డాను. ఈ సంఘంలో నేనున్నంతకాలం ఇక్కడ చెప్పే ప్రతి మాటా నా చెల్లికి అందుతుందని అందరి ముందూ మాటిచ్చాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాటివ్వడం ఎంత సులువో ఆ వయసులో ఉన్నవాళ్ళకే తెలుసు.

నా ఉద్యోగం పళ్ళు చెయ్యడం. డాక్టర్లు నోటి అచ్చులు తీసి మా ల్యాబుకు పంపుతారు. అచ్చుతోపాటు ఒక చీటీ వస్తుంది: పై దవడ, ఆరు పళ్ళు, ఫలానా రంగు. నేను అచ్చులో ప్లాస్టరు పోస్తాను, గట్టిపడ్డాక దాని మీద మైనంతో చిగుళ్ళు కడతాను, పళ్ళు పేరుస్తాను, చివరికి నున్నగా రుద్ది డబ్బాలో పెట్టి పంపేస్తాను. ఎవరి నోటికి వెళ్తాయో నాకు తెలియదు. పాతికేళ్ళలో కొన్ని వేల నోళ్ళు చూశాను, ఆ నోళ్ళున్న ముఖం ఒక్కటీ చూడలేదు. డబ్బా మూత పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, ఈ పళ్ళు పెట్టుకునేవాళ్ళు కడుపునిండా తినాలి ప్రభువా అని ప్రార్థిస్తాను. అమ్మ పళ్ళన్నీ పోయి, గంజి మీదే బతికిన ఆఖరి సంవత్సరంలో ఈ అలవాటు మొదలైంది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

సైగల భాషలో ప్రతివాళ్ళకూ ఒక పేరు పెడతారు, చిన్న గుర్తు. చెల్లి నాకు పెట్టిన పేరు, చూపుడువేలితో ముందుపన్ను మీద ఒకసారి తట్టడం. అంటే పళ్ళక్క అన్నమాట. ప్రపంచంలో నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కతే.

ఇక తప్పు సంగతి చెప్పాలి. అది ఒక్కరోజులో జరిగిన తప్పు కాదు. మొదట్లో మంచితనంలాగే కనిపించింది.

ప్రసంగాలు చెప్పేవాళ్ళకు ఒక అలవాటుంది. దేవుడి మాట లెక్కచెయ్యనివాణ్ణి చెవిటివాడు అంటారు. చూడనివాణ్ణి గుడ్డివాడు అంటారు. ముందు వరసలో నిజంగానే వినపడని పిల్ల కూర్చుని ఉందన్న స్పృహ ఉండదు. మొదటిసారి పెద్ద పాస్టరుగారి నోట ఆ మాట వచ్చినప్పుడు నా చేతులు ఆగిపోయాయి. చెల్లి నా ముఖంలోకే చూస్తోంది. చెవిటివాడు అనే చోట మొండివాడు అని చేసేశాను. అది తలూపింది. నాకు హాయిగా అనిపించింది. దాని మనసు నొచ్చకుండా కాపాడానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

తర్వాత నుంచీ అది అలవాటైంది. కటువుగా ఉన్నచోట కాస్త తీపి కలిపేదాన్ని. సాగదీసినచోట కత్తిరించేదాన్ని. ఆయన సరిగ్గా చెప్పలేదనిపిస్తే నేనే మెరుగుపెట్టేదాన్ని. ఎవరు పట్టుకుంటారు? ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది నాకొక్కదానికే. పదహారేళ్ళు అలా గడిచాయి. అమ్మ కాలం చేసింది. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

చెల్లి ఒక ప్రెస్సులో బైండింగు పని చేస్తుంది. మెషీన్ల మోత మిగతావాళ్ళకు తలనొప్పి, దానికి లెక్కేలేదు. అక్కడ ఒక మెషీన్ మాస్టరు పరిచయమయ్యాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. దానితో మాట్లాడడం కోసం ఆరునెలల్లో సైగలు నేర్చుకున్నాడు. అతని చేతులు నేను చూశాను. పసిపిల్లల మాటల్లా వచ్చీరాని సైగలు. కానీ దాన్ని నవ్వించేవాడు. అతనికి వేరే ఊళ్ళో పని దొరికింది, పెళ్ళి చేసుకుని తీసుకెళ్తానన్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు చెల్లి చేతులు గాల్లో ఎగిరాయి. నేను బాగుంది అని చేశాను. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

అతనిలో వంక వెతికాను, దొరకలేదు. అసలు సంగతి ఏమిటంటే, అది వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలి? అంతే. అంతకు మించి ఏ కారణమూ లేదు. ఆ కారణాన్ని కారణంగా ఒప్పుకోడానికి నాకు తర్వాత రెండేళ్ళు పట్టింది.

ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో పాస్టరుగారు చర్చి పైకప్పు సంగతి ఎత్తారు. వానకు కారుతోంది, మరమ్మతుకు అందరూ తలా ఒక చెయ్యి వెయ్యాలి అంటున్నారు. నేను స్తంభం పక్కన నిలబడి, తోబుట్టువును ఒంటరిగా వదిలేసి తన సుఖం చూసుకున్న ఆడపిల్ల ఇంటికి దేవుడి దీవెన ఉండదు అని చేశాను. ఆయన కప్పు మీది రేకులు చూపించడానికి చెయ్యి పైకెత్తారు. చెల్లి ఆ చేతిని చూసి, దేవుణ్ణి చూపిస్తున్నారనుకుంది. దాని ముఖం పాలిపోయింది. నేను ఆపలేదు. ఇంకో రెండు వాక్యాలు కూడా కలిపాను.

నేను చెప్పి ఉంటే అది పోట్లాడేది. వేదిక మీంచి వచ్చిన మాట కనుక తలవంచింది. ఆ వారంలోనే అతన్ని కాదనేసింది. అతను రెండుసార్లు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. నేను టీ కూడా ఇచ్చాను.

రెండు నెలల తర్వాత చెల్లి నా ల్యాబుకు వచ్చింది. అది ఎప్పుడూ అక్కడికి రాదు. ఒక కాగితం తెచ్చి ప్లాస్టరు అచ్చుల మధ్య పెట్టింది. పైన దాని రాత: మీరు చెప్పినట్టే చేశాను, అయినా మనసుకు శాంతి ఎందుకు లేదు, అయ్యగారూ? ఆ రోజు చెప్పిన వాక్యాలు మూడూ పొల్లుపోకుండా రాసింది. కింద పెద్ద పాస్టరుగారి రాత: అమ్మా, ఈ మాటలు నేను ఎన్నడూ అనలేదు.

నేను చదివాను. అది నా రెండు మణికట్లూ పట్టుకుని చేతులు తిప్పి చూసింది, వేళ్ళ సందుల్లో ప్లాస్టరు పిండి ఉంది. చూసి వదిలేసింది. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని, పనిచేసే ఆడవాళ్ళ హాస్టలుకు మారిపోయింది. మెషీన్ మాస్టరుకు అప్పటికే వేరే సంబంధం ఖాయమైంది. నెలకోసారి నాకు ఒక సందేశం పంపుతుంది: బాగున్నాను. మొదటి సందేశంలో మాత్రం ఇంకో వాక్యం ఉంది: చర్చికి రమ్మని, ఇంటికి రమ్మని అడగకు, అడిగిన రోజు నంబరు మార్చేస్తాను.

పెద్ద పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇకమీద ఒక్క మాట కలపకు, ఒక్క మాట తియ్యకు" అన్నారు. ఎవరికి చెప్పమంటారండీ, అది రాదు కదా అన్నాను. "కుర్చీ ఉంది కదమ్మా" అన్నారు. అంతే.

అప్పటినుంచి చెబుతున్నాను. ఆయన తుమ్మితే తుమ్మారని చెప్పాను. ప్రసంగంలో పొరపాటున ఒకే కథ రెండుసార్లు చెబితే రెండుసార్లూ చేశాను. చెవిటివాడు అన్నప్పుడు చెవిటివాడు అనే చేశాను. ఖాళీ కుర్చీకి ఎలాగూ మనసు నొచ్చదు. నా నిజాయితీకి అప్పటికి పరీక్ష పెట్టినవాళ్ళు లేరు.

రోజూ పొద్దున స్నానం చేసి, అద్దం ముందు కూర్చుని ఒక అధ్యాయం మొత్తం చేతులతో చదువుతాను. ప్రార్థన కూడా చేతులతోనే. నోటితో ప్రార్థన చేసేటప్పుడు నేను నన్ను కాస్త మంచిదాన్నిగా చూపించుకుంటానని ఎప్పుడో పసిగట్టాను. చేతులతో అది కుదరదు, అద్దంలో నా ముఖం నాకే కనిపిస్తుంది. తర్వాత పొయ్యి దగ్గర నిలబడే ఇంత తిని ల్యాబుకు పోతాను. ఒక్కదానికోసం కంచం తీసి, కడిగి, మళ్ళీ పెట్టడం దండగ. ల్యాబులో రేడియో ఉంది. ఇంట్లో అదీ లేదు. కొన్నిరోజులు సాయంత్రం నుంచి పొద్దుటిదాకా నా గొంతు నాకే వినపడదు. మా చెల్లి లోకం ఇలాగే ఉంటుందేమో అనుకునేదాన్ని. కాదు. దాని లోకంలో ఎప్పుడూ మాటలుండేవి. నిశ్శబ్దం నాదే.

చర్చిలో ఈ నాలుగేళ్ళూ ఆ కుర్చీ వేసింది కుర్చీల తాత. కుర్చీలు వెయ్యడం, తియ్యడం, చాపలు దులపడం, వారం వారం ప్రకటనల కాగితాలు చెల్లి పనిచేసే ప్రెస్సునుంచి తేవడం ఆయన పని. ప్రతివాళ్ళనూ ఏదో ఒకటి అంటాడు. నన్ను, "ఏమ్మాయ్, మీ చుట్టం వచ్చిందా, పలహారం పెట్టావా?" అని ఆ కుర్చీని చూపించి వెక్కిరిస్తాడు. కానీ ఒక్కవారం కూడా కుర్చీ మరిచిపోలేదు. పైగా నా వైపు తిరిగేలా కాస్త వాలుగా వేస్తాడు. జరిగింది ఆయనకు తెలియదు. పెద్ద పాస్టరుగారికి తప్ప ఎవరికీ తెలియదు. చెల్లి పనికి దూరమని మారిపోయింది అనే అందరూ అనుకుంటారు. నేనూ అదే అన్నాను.

ఈ సంవత్సరం పెద్ద పాస్టరుగారు రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. కొత్తాయన వచ్చారు. వయసులో నాకన్నా బాగా చిన్న, చురుకైన మనిషి, మంచివాడే. ఏ మూల ఏది ఉండాలో కాగితం మీద గీసుకుంటారు. ఆ కాగితంలో స్తంభం పక్కన పాటలవాళ్ళ కీబోర్డు వచ్చింది.

ఒకరోజు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. మీ నమ్మకత్వం చూసి నాకే సిగ్గేస్తుంది అన్నారు. కానీ ఎవరూ లేని కుర్చీ దగ్గర ఆ నమ్మకత్వం వృథా అవుతోంది, పిల్లల తరగతికి మనిషి లేరు, దేవుడు అక్కడ మీకు అవకాశం ఇస్తున్నాడేమో ఆలోచించండి అన్నారు. ఇప్పుడు ఫోన్లే మాటల్ని అక్షరాలుగా చూపిస్తున్నాయట, రేపు ఎవరైనా వినపడనివాళ్ళు వచ్చినా ఇబ్బంది ఉండదట.

ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ కాదనడానికి లేదు. అందుకే ఒళ్ళు మండింది.

"ఆమె వస్తే?" అన్నాను.

"నాలుగేళ్ళయింది కదక్కా."

నెలాఖరు ఆదివారందాకా గడువు అడిగాను. ఇచ్చారు. పిల్లల తరగతి అంటే నాకేం చేదు కాదు. కానీ చెల్లి ఏదో ఒకరోజు వస్తే, స్తంభం పక్కన కీబోర్డు కనిపిస్తే, ఇక్కడ ఇచ్చిన మాట కూడా అబద్ధమే అనుకుంటుంది. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అదీ పోతే, నేను చెల్లికి చెప్పినవాటిలో నిలబడిన నిజం ఒక్కటీ ఉండదు.

మూడు వారాలు ఫోను చేతిలో పట్టుకుని సందేశం రాయడం, చెరపడం. ఈ నెలాఖరే ఆఖరు అని రాశాను, చెరిపాను. నన్ను అక్కడినుంచి తీసేస్తున్నారు అని రాశాను. అది రమ్మని అడగడం కాకపోతే మరేమిటి? చెరిపేశాను. చివరికి ఏమీ పంపలేదు. ఒకరోజు కాగితాలకోసం ప్రెస్సుకు బయల్దేరుతున్న తాత, "మీ చెల్లికేమైనా చెప్పాలా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆయన నా ముఖం చూసి, ఎన్నడూ లేనిది, వెక్కిరించకుండా వెళ్ళిపోయాడు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. మొదటి పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరుగారు వాక్యం తెరిచారు. ప్రభువు ఒక చెవిటివాణ్ణి పక్కకు తీసుకెళ్ళి బాగుచేసిన ఘట్టం. నేను మామూలుగా చేతులెత్తాను. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

చెల్లి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కళ్ళజోడు వచ్చింది. నేరుగా ముందుకు రాలేదు. ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. దాని పక్క కుర్చీలోకి తాత వచ్చి చేరి, ఏమీ ఎరగనట్టు కప్పుకేసి చూడసాగాడు. ప్రెస్సులో ఆయన దానికి ఒక చీటీ రాసిచ్చాడని తర్వాత తెలిసింది. మీ అక్క నాలుగేళ్ళుగా నీ కుర్చీతో మాట్లాడుతోంది, ఈ వారంతో సరి, అని రాశాడట. నేను ఆ పని ఎప్పుడో మానేశాననుకుందట చెల్లి.

రోజూ అద్దం ముందు కూర్చున్నందుకు నా చేతులు వాటంతట అవే సాగాయి, నేను వాటి వెనక నడిచాను. అది చూస్తోంది. చూస్తోందనుకున్నానో లేదో తల దించి ఒళ్ళో ఫోను చూసుకుంది. మళ్ళీ నన్ను చూసింది. మళ్ళీ ఫోను. ఇంతకాలానికి వచ్చి ఫోను చూసుకుంటోందే అని లోపల చివుక్కుమంది.

అప్పుడు పాస్టరుగారు గొంతు పెంచారు. "దేవుడి మాట వినని ప్రతివాడూ చెవిటివాడే. చెవిటివాడి బతుకు ఏం బతుకండీ? పక్కన పిడుగు పడినా తెలీదు. కన్నతల్లి పిలిచినా పలకడు. అలాంటి బతుకు మనకొద్దు."

ఆయనకు తెలియదు. వెనక్కి తిరిగి చూసినవాళ్ళు ఒకరిద్దరు తప్ప ఎవరికీ తెలియదు. నా చేతులు గాల్లోకి లేచి ఉన్నాయి. నాలుగేళ్ళ తర్వాత నా చెల్లి ఈ గుమ్మం తొక్కింది. ఈ మాట చేరితే లేచి వెళ్ళిపోతుంది, ఇక రాదు. మొండివాడు అని చేస్తే కూర్చుంటుంది. నాకు ఆ సైగ కండరాల్లో ఉంది, చెయ్యి దానివైపే పోయింది కూడా. కన్నతల్లి పిలుపు అన్నచోట అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కాలితో నేలను తట్టి దాన్ని పిలిచేది, నేల అదిరితే ఇది పరిగెత్తుకొచ్చేది. పలకకపోవడమేం?

ప్రభువా, ఇది పోతే పోతుంది అనుకున్నాను. చెయ్యి చెవి దగ్గరికి తెచ్చాను. చెవిటివాడు. చెవిటివాడి బతుకు ఏం బతుకు. పిడుగు. తల్లి. అలాంటి బతుకు మనకొద్దు. ఆయన గొంతులో ఉన్న తేలికతనం కూడా నా ముఖంలోకి తెచ్చాను. అది కూడా ఆయన మాటలో భాగమే. కళ్ళలో నీళ్ళు మాత్రం నావి, వాటిని ఆపడం నాకు చేతకాలేదు.

చెల్లి లేచి నిలబడింది.

వెళ్ళిపోతోందనుకున్నాను. వెళ్ళలేదు. చెయ్యెత్తింది. తాత గొంతు సవరించుకుని, "అయ్యగారూ, ఈ అమ్మాయి ఏదో అడుగుతోంది" అన్నాడు. పాస్టరుగారు ఆగి, దాన్ని చూసి, నన్ను చూసి, సంగతి అర్థమై ముఖం ఎర్రబడి, చెప్పమ్మా అన్నారు.

సైగల్లో మాట్లాడేవాళ్ళకు గొంతు ఇచ్చేటప్పుడు ఒక నియమం ఉంది. ఆమె అంటోంది, ఆమె చెబుతోంది అని అనకూడదు. నేను అనాలి. వాళ్ళ నేను మన నోట్లో పలకాలి. చెల్లి చేతులు కదిలాయి. నేను సంఘంవైపు తిరిగి మొదలుపెట్టాను.

"నేను పుట్టినప్పటినుంచీ చెవిటిదాన్ని. నా బతుకు బతుకే. మా అమ్మ పిలిస్తే నాకు తెలిసేది."

చెల్లి నన్ను వేలుపెట్టి చూపించింది. ముందుపన్ను తట్టలేదు, ఊరికే అక్క అంది. ఆ తర్వాత వేలు పెదవుల ముందుగా అడ్డంగా లాగింది. అబద్ధం. తప్పు చెప్పింది అనొచ్చు. పొరపాటుగా చెప్పింది అనొచ్చు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది ఇప్పటికీ నాకొక్కదానికే.

"నాలుగేళ్ళ కిందట ఇదే చోట నిలబడి మా అక్క నాకు అబద్ధం చెప్పింది" అన్నాను. "పాస్టరుగారు అనని మాటలు అన్నారని చెప్పింది. నేను నమ్మాను. నా పెళ్ళి పోయింది."

ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. నన్ను చెయ్యి పట్టుకుని వదలని జాలి మనుషులంతా అక్కడే ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. అయినా చెల్లి చేతులు ఆగలేదు కనుక నేనూ ఆగలేదు. అది ఫోను పైకెత్తి చూపించింది.

"ఇప్పుడు అయ్యగారు అన్నది ఈ ఫోనులో అక్షరాలుగా పడింది. అక్క చేతుల్లోనూ అదే పడింది. ఒక్క మాట తగ్గలేదు. నేను మొదటినుంచీ సరిచూస్తూనే ఉన్నాను. ఫోను మాట రాస్తుంది, ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో రాయదు. అది అక్క ముఖంలో ఉంది. నేను ప్రతివారం రాను. కానీ వచ్చిన రోజు ఇక్కడ నా గురించి ఏమంటున్నారో నాకు తెలియాలి. ఆవిణ్ణి అక్కడే నిలబడనివ్వండి."

ఆవిణ్ణి అని నన్ను గురించి నేనే అన్నాను. చెల్లి కూర్చుంది.

పాస్టరుగారు నేరుగా చెల్లివైపు తిరిగారు. "నన్ను క్షమించమ్మా. తెలియక కాదు, ఆలోచించక అన్నాను" అన్నారు. నేను దాన్ని ఉన్నదున్నట్టు చెల్లికి చేశాను. తర్వాత ఆయన ప్రసంగం ముగించారు, నేనూ ముగించాను. ఆ తర్వాత ఏం చెప్పారో అడిగితే చెప్పలేను. చేతులకు తెలుసు, నాకు గుర్తులేదు.

ఆఖరి ఆశీర్వచనానికి అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే. ఆశీర్వాదం కూడా కళ్ళతోనే అందుకోవాలి కదా దానికి. ఆమెన్ చేశాను. చెల్లి సంచి భుజానికి తగిలించుకుని తలుపుదాకా వెళ్ళింది. స్తంభం పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. జనం ఇంకా మౌన ప్రార్థనలోనే ఉన్నారు, కళ్ళు తెరవలేదు. చూపుడువేలితో ముందుపన్ను మీద ఒకసారి తట్టింది.

"చిక్కిపోయావు. తింటున్నావా?"

పెదవుల దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. దీన్ని ఎవరికీ పైకి చెప్పనక్కర్లేదు. జవాబు చెప్పడానికి చేతులెత్తాను. తింటున్నాను అని చెయ్యబోయి, ఆగి, ఉన్నమాట చెప్పాను.

"సరిగ్గా తినడంలేదు."